బొమ్మ హెచ్.డి. సరే... శబ్దం మాటేమిటి?

1986లో వచ్చిన 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం. కృష్ణగారి కత్తియుద్ధాలతో పాటు ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దం కూడా ఆ చిత్రానికి ఓ ఆకర్షణే! ఒకప్పుడు పెద్ద హాళ్ళకే దక్కిన ఆ వైభోగం ఇవాళ ఇళ్ళల్లోకి వచ్చేసింది. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, గుండె దడదడలాడించడానికో సబ్‌ఊఫరు. దీన్నే 5.1 అంటున్నారు.

అంతా బాగానే ఉంది. కానీ హెచ్.డి. ఛానెల్లో సినిమా పెడితే వెనక స్పీకర్లు ఒక ఆదివారం గర్జిస్తాయి, మరో ఆదివారం మౌనవ్రతం పడతాయి. ఏమిటీ చోద్యం?

సంగతేమిటంటే, హెచ్.డి. అన్నది బొమ్మకి పెట్టిన పేరు గురూ! శబ్దం గురించి అందులో ఒక్క ముక్క హామీ లేదు. నిర్మాత ఇచ్చిన కాపీ, ఛానెల్ వారి యంత్రాలు, కేబుల్ లేదా డిష్ వారి యంత్రాలు, మీ సెట్‌టాప్ బాక్సు, టీవీ... శబ్దం ఇన్ని చేతులు మారి రావాలి. దారిలో ఏ ఒక్కరు రెండు ట్రాకులకి కుదించినా అసలు ఆరింటినీ తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు.

ఇంకో తమాషా ఉంది. సినిమా 5.1లో ఉంటుంది, మధ్యలో వచ్చే సబ్బు ప్రకటన స్టీరియోలో ఉంటుంది. ఛానెల్ వారు అప్పటికప్పుడు పద్ధతి మారిస్తే ఆ క్షణంలో ఒకటి రెండు మాటలు గల్లంతవచ్చు. మార్చకుండా స్టీరియోనే 5.1 సంచీలో పెట్టి పంపితే, ఆంప్లిఫయరు మీద 5.1 దీపం వెలుగుతూనే ఉంటుంది... వెనక మాత్రం చడీ చప్పుడూ ఉండదు!

ఈ బాధ స్పీకర్లు కొన్న షోకిలాలకే అనుకోకండి. 5.1లో డైలాగులు ఎక్కువగా మధ్య స్పీకరులోంచి వస్తాయి. మామూలు టీవీకి ఉన్నవి రెండే. కుదింపు సరిగా కుదరకపోతే ఫైటు హోరెత్తుతుంది, హీరో తల్లి చెప్పే మాట గొణుగుడవుతుంది. బామ్మగారు "ఏమందిరా?" అని అడిగితే తప్పు ఆవిడ చెవులది కాదు!

మరి మనం చెయ్యగలిగిందేమిటి? బాక్సు సెట్టింగుల్లో ఆడియో 'పీసీఎం' లేక 'స్టీరియో' అని ఉంటే 'డాల్బీ డిజిటల్'కి మార్చి చూడండి. అన్ని ఛానెళ్ళూ మూగబోతే లోపం మీ ఇంట్లో ఉండొచ్చు. ఒక్క ఛానెలే మూగబోతే అనుమానించాల్సింది అవతలివారిని. పాత మోనో చిత్రాలకి మాత్రం మినహాయింపు ఇవ్వండి. లేనిది ఎక్కడినుంచి తెస్తారు, పాపం!

పోస్టర్ల మీద 'ఈస్ట్‌మన్ కలర్', 'స్టీరియోఫోనిక్ సౌండ్' అని పెద్దక్షరాలతో వేసుకున్న పరిశ్రమ మనది. హెచ్.డి. పేరు చెప్పి చందా ఎక్కువ పుచ్చుకునేవారు, వేస్తున్న సినిమా శబ్దం స్టీరియోనో 5.1ఓ తెర మూల ఓ ముక్క వేస్తే వారి సొమ్మేం పోయింది?