స్లాబు పోశాక వచ్చే డ్రిల్లు

బెంగళూరులో చాలా అపార్టుమెంట్ల దగ్గర ఇదే తంతు: స్లాబు పోసి సెంట్రింగ్ విప్పాక ప్లంబరు డ్రిల్లు పట్టుకొస్తాడు. పైపు కోసం దూలాన్ని తొలుస్తాడు, అడ్డొచ్చిన కడ్డీని కోసేస్తాడు. ఆ కడ్డీ మీద బరువు లెక్కకట్టిన ఇంజనీరుకు కబురే ఉండదు. ప్లంబరును తిట్టి లాభం లేదు. కాంక్రీటు పోయకముందే అక్కడ పైపు దూరేందుకు స్లీవ్ పెట్టాలని చెప్పే డ్రాయింగు అతని చేతికి ఎవరిచ్చారు గనక? అన్నీ ముందే కలిపి ఆలోచిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఇదే ఊళ్లో, బన్నేరుఘట్ట రోడ్డు మీద, ఐఐఎం ఉంది. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న బాలకృష్ణ దోషి డిజైన్ చేసిన ఆవరణ. అక్కడ గరుకు రాతిగోడలు ఎండ వేడిని నిదానంగా గాని లోపలికి వదలవు. పైన పెర్గోలాలు పరిచిన పొడవాటి నడవాలు వెలుగును జల్లెడపట్టి, గాలిని ఆడనిస్తాయి. గోడ, నడవా, చెట్టు ఒకే లెక్కలో పడ్డాయి. మరి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చల్లగా ఉండే ఈ ఊళ్లో అవుటర్ రింగ్ రోడ్డు ఆఫీసులకు నిలువెల్లా అద్దాలెందుకో! అద్దం తెచ్చిన వేడికి ఏసీ, ఏసీకి డక్టు, డక్టు దాచడానికి ఫాల్స్ సీలింగ్, దానికోసం అంతస్తు ఎత్తు పెంపు, కరెంటు పోతే డీజిల్ జనరేటరు. ఎవరి లెక్క వాళ్లది కావడం వల్లే ఇదంతా. అందుకే ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు, ప్లంబింగ్ కాంట్రాక్టరు ఒకే డ్రాయింగు మీద సంతకాలు చేసేదాకా స్లాబు పోయనివ్వకూడదు.