కానుక సంచి ప్రహరీ దాటాలి

సంఘం అంటే ఏమిటని అడిగితే క్రీస్తు శరీరం అంటారు మా పాస్టరుగారు. కాదనను. కానీ ఉద్దానంలో ఒక చిన్న బాప్టిస్టు సంఘానికి ట్రెజరర్‌ని కదా, నా చూపు ముందు లెక్కల పుస్తకం మీదికే పోతుంది.

జమ వైపు ఆదివారం కానుకలు, దశమభాగాలు, గుప్పెడు బియ్యం. అత్తెసరు పెట్టే ముందు ఆడవాళ్లు ఓ గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు. పది ఇళ్ల బియ్యం, లావూ సన్నమూ కలిసిపోయి ఉంటాయి. ఆరాధన అయ్యాక వేలం వేస్తే ఎవరో ఒకరు బజారు ధర కంటే ఎక్కువకే పాడతారు. ఖర్చు వైపు పాస్టరుగారి జీతం, కరెంటు బిల్లు, సున్నాలు, క్రిస్మస్ స్టారు, ఇప్పుడు కొత్తగా వాయిదాల మీద సౌండ్ బాక్సులు. జీతం, కరెంటు తప్పవు. మిగతాదాంట్లో మందిరం ప్రహరీ దాటిన రూపాయి ఏదని వెతుక్కోవాలి.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో క్రైస్తవానికి పేరు తెచ్చింది మైకులు కాదు. కటకంలో 1833లో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఇప్పటికీ పాడుకుంటున్నాం. సాలూరులో లూథరన్లు కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి నడిపారు. మా సోంపేట ఆరోగ్యవరంలో కెనడా బాప్టిస్టు డాక్టరు బెన్ గలిసన్ కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన సాయం అడిగితే కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి కదిలాడు. అలా 1963లో పుట్టిన ఆపరేషన్ ఐసైట్ సంస్థ తర్వాత ఆఫ్రికా దాకా వెళ్లింది. సోంపేట అనే ఊరొకటి ఉందని కెనడావాళ్లకు తెలిసింది శుక్లాల వల్లే.

అదే సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇవాళ జనాన్ని తినేస్తున్నది కిడ్నీ జబ్బు. ప్రభుత్వం ఏమీ చేయలేదనను. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్ ఉచితం. అక్కడికి వెళ్లే ఆటో ఉచితం కాదు. వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి. తోడెళ్లిన కొడుక్కి ఆ రోజు కూలి పోతుంది. తోడెవరూ లేక తిరిగొచ్చేటప్పుడు నీరసంతో బస్టాండులో కూలబడినవాళ్లను చూశాను.

ఆటో కిరాయి ఇచ్చి తోడు వెళ్లే పని మందిరాలు చేయగలవు. ఒక్క షరతు: డయాలసిస్‌కి వెళ్లే మనిషి చేతిలో కరపత్రం పెట్టకూడదు. అలా అంటే సువార్తకు సిగ్గుపడుతున్నానని మావాళ్లే కొందరు కోప్పడతారు. సూది గుచ్చుకుని నాలుగు గంటలు కదలకుండా పడుకోవాల్సినవాడికి మనం చెప్పేది ఏముంటుంది, తోడు కూర్చోవడం తప్ప? మతం మార్చడానికే సాయం చేస్తారన్న అనుమానం ఎలాగూ ఉంది. దానికి మనమే సాక్ష్యం తయారుచేసి ఇవ్వడం దేనికి?

మొన్న కమిటీలో సౌండ్ బాక్సుల మీద వాదన నడుస్తుంటే, గుప్పెడు బియ్యం తెచ్చే ముసలమ్మ ఒకావిడ, ‘‘మైకు నేకపోతే దేవుడికి ఇనపడదేటి బాబూ?’’ అంది. నవ్వేసి తర్వాతి అంశంలోకి వెళ్లిపోయారు.

నేను వెళ్లలేకపోయాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో కొత్త పద్దు ఒకటి పెడుతున్నాను: డయాలసిస్ రోగుల ఆటో కిరాయి, ఏ వీధివాళ్లయినా, ఏ మతంవాళ్లయినా సరే. గుప్పెడు బియ్యం డబ్బు మొత్తం దానికే. కోతపండుగ నాడు కొబ్బరికాయలు, జీడిపిక్కలు వేలంలో పలికింది కూడా అందులోనే కలపాలి. అప్పుడు సౌండ్ బాక్సుల వాయిదా ఆగుతుంది. షాపువాడితో నేను మాట్లాడతాను.