కదిలే బస్సు వెంట పరుగెత్తకండి

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, మల్లాపూర్, బోడుప్పల్ వైపు ఉండే ప్రతి ఇంటికీ ఈ మాట చేరాలి. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరే మీ వాళ్ల గురించి నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఎక్కడంటే, ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కే ఆ పది అడుగుల దగ్గర. బస్సు దిగి మెట్రో మెట్ల దాకా. మెట్రో దిగి ఆటో దాకా. ఆటో దిగి రోడ్డు అవతల కంపెనీ గేటు దాకా. ఆ కాస్త దూరంలోనే తొందర, తోపులాట, ఏమరుపాటు అన్నీ కలుస్తాయి.

మన వైపు ఈ ఎక్కడం దిగడం చాలా ఎక్కువ. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సికింద్రాబాద్, నాగోలు, రామంతాపూర్, వరంగల్ దారులు కలుస్తాయి. యాదగిరిగుట్ట, హనుమకొండ బస్సుల కోసం సామాన్లతో నిలబడేది అక్కడే. సిటీ బస్సు కోసం మెడ చాచి చూసేది అక్కడే. షేర్ ఆటోలు ఆగేదీ అక్కడే. 2017 నవంబరులో మెట్రో వచ్చాక ఘట్‌కేసర్ దాకా ఉన్న జనం రైలు కోసం ఉప్పల్‌కి, నాగోలుకి రావడం మొదలైంది. నాచారానికి మెట్రో లేదు. హబ్సిగూడలో దిగి, అక్కడినుంచి బస్సో ఆటోనో వెతుక్కోవాలి. ఆ దారిలోనే పారిశ్రామికవాడ లారీలు, చర్లపల్లి ఆయిల్ డిపోల ట్యాంకర్లు, షిఫ్టు వదలగానే గుంపుగా బయటపడే కార్మికులు, ఈఎస్ఐ ఆస్పత్రికి వచ్చిపోయే రోగులు. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త రైల్వే టెర్మినల్ కూడా మొదలైంది. జనం పెరిగారు. నిలబడే చోటు మాత్రం పెరగలేదు.

ఇక ఫుట్‌బోర్డు సంగతి. బస్సు కదులుతుంది. ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చి తలుపు పక్క రాడ్డు అందుకుంటాడు. ఒక కాలు మెట్టు మీద పడింది, రెండోది ఇంకా రోడ్డును తన్నుతూనే ఉంది. వీపున బరువైన బ్యాగు. అరచేతికి చెమట, లేదా వాన తడి. డ్రైవరు గేరు మార్చగానే బస్సు ఒక్క కుదుపు కుదుపుతుంది, బ్యాగు వెనక్కి లాగుతుంది. ముందు తలుపు దగ్గర చెయ్యి జారితే వెనక చక్రాలు నేరుగా అటే వస్తాయి. వెనక తలుపు దగ్గర జారితే వెనకే వచ్చే లారీ ముందు పడతాడు. డ్రైవరుకి ఇదేమీ కనిపించదు. నిండు బస్సులో ఎడమ అద్దం నిండా వేలాడే మనుషులే. రింగ్ రోడ్డు మలుపులో ఇంకో ముప్పు ఉంది. బస్సు ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ లోపలి పక్కనే మనం నిలబడి ఉంటాం, బస్సు బోర్డు చదువుతూ.

అమ్మలారా, అక్కలారా, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. చాలా మంచి పని. ఎందరో ఆడపిల్లలకి చదువూ, ఉద్యోగమూ దగ్గరయ్యాయి. కానీ పెరిగిన జనానికి సరిపడా బస్సులు లేని వేళల్లో మీ తలుపు దగ్గరే తొక్కిసలాట. చంకలో బిడ్డ, చేతిలో సంచీ, భుజాన జారే చున్నీ లేదా కొంగు. చున్నీ తలుపు రాడ్డుకి చుట్టుకుంటే చాలు, మనిషిని ఈడ్చుకుపోతుంది. ఎక్కేముందు ముడి వేసుకోండి. బిడ్డని ముందు ఎక్కించి మీరు వెనక మిగిలిపోవద్దు, మీరు ఎక్కి బిడ్డని కింద వదలొద్దు. ఎత్తుకునే ఎక్కండి. చోటు లేకపోతే ఆ బస్సుని పోనివ్వండి.

నిండిన బస్సు ఏం చేస్తుందో 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ చూపించింది. పట్టాల్సిన దానికి దాదాపు రెట్టింపు మందితో దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా పోయారు. చాలామంది ఆడవాళ్లు, పిల్లలు, పండు ముసలివాళ్లు. ఉప్పల్‌లో ఘాట్ లేదు కదా అనుకోవద్దు. బ్రేకు వేసినప్పుడు కిక్కిరిసిన జనం బరువంతా ఒక పక్కకి ఒరిగితే, ఆ పక్క మెట్టు మీద వేలాడేవాళ్లని ఆపేది ఏదీ ఉండదు.

షేర్ ఆటోల గురించి గట్టిగానే చెప్పాలి. ఆటో పర్మిట్ ముగ్గురు ప్రయాణికులకి. మనం ఎంతమందిమి ఎక్కుతున్నాం? డ్రైవరుకి అటొకరు ఇటొకరు కూర్చుంటే హ్యాండిల్ పూర్తిగా తిరగదు. గుంత తప్పించబోతే డ్రైవరు మోచేయి పక్కవాడి కడుపుకి తగులుతుంది, ఆటో తిరగాల్సినంత తిరగదు. ఆ డ్రైవర్లు చెడ్డవాళ్లని నేననను. కిస్తీ కట్టాలి, గ్యాస్ కొట్టించాలి, పిల్లల్ని చదివించాలి. వాళ్లూ మనలాంటి వాళ్లే. కానీ ‘ఇంకొక్కరు’ అని వాళ్లు పిలిచినప్పుడు ఆ ఒక్కరు మనం కాకుండా ఉండొచ్చు. 2024 ఆగస్టులో హబ్సిగూడ రోడ్డు మీద స్కూలుకి ఆటోలో బయల్దేరిన పదో తరగతి అమ్మాయి తిరిగి ఇంటికి రాలేదు. వెనక లారీ, ముందు బస్సు, మధ్యలో రేకు బండి. పెద్ద బండ్ల మధ్య ఆటో ఇరుక్కున్నప్పుడు లోపలున్న వాళ్లకి అడ్డంగా ఉండేది ఆ పలచని రేకే. మీ పిల్లలు వెళ్లే ఆటోలో ఎందరిని కూర్చోబెడుతున్నారో ఒక్కరోజు గేటు దాకా వెళ్లి లెక్కపెట్టండి. బ్యాగులు బయట వేలాడుతున్నాయా, రోడ్డు వైపు పక్క మూసి ఉందా లేదా చూడండి. బాగాలేకపోతే నలుగురు తల్లిదండ్రులు కలిసి అడగండి. ఒక్కరు అడిగితే ‘వేరే ఆటో చూసుకోండి’ అంటారు.

రింగ్ రోడ్డు మీద దాటడానికి స్కైవాక్ ఉంది. 2023 జూన్‌లో తెరిచారు, 660 మీటర్లు, లిఫ్టులు, ఎస్కలేటర్లతో. అయినా దాని నీడలోనే, బస్సుల మధ్యనుంచి దూరి రోడ్డు దాటేవాళ్లు రోజూ కనిపిస్తారు. మెట్లెక్కే ఓపిక లేదంటారు, మోకాళ్ల నొప్పులంటారు. నిజమే. అందుకే లిఫ్టులు ఎప్పుడూ పనిచేసేలా చూడమని అధికారుల్ని అడుగుదాం. లిఫ్టు ఆగితే ముసలమ్మకి రోడ్డు తప్ప దారి ఉండదు. కుర్రవాళ్లు మాత్రం దయచేసి పైనుంచే వెళ్లండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ తీసేయండి. ఆగిన బస్సు ముందునుంచి దాటకండి. ఆ బస్సు చాటునుంచి వచ్చే బైకుకి మీరు కనపడరు, మీకు బైకు కనపడదు.

వరంగల్ దారి వైపు వెళ్లేవాళ్లకి కష్టం ఇంకా ఎక్కువ. ఉప్పల్, నారపల్లి మధ్య ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. ఏళ్ల తరబడి పిల్లర్ల పక్కన గుంతలు, దుమ్ము, రోజుకో మళ్లింపు. నిన్న ఉన్న దారి ఇవాళ ఉండదు. చీకటి పడ్డాక బైకు మీద భార్యాపిల్లలతో వెళ్లేవాళ్లు వేగం సగానికి తగ్గించండి. వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ పెట్టించండి.

వాన పడితే గుంత ఏదో, మ్యాన్‌హోల్ ఏదో తెలియదు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిలు మీద వెళ్లిన 12 ఏళ్ల పాప తెరిచి ఉన్న నాలాలో కొట్టుకుపోయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల ప్యాకెట్ కోసం వెళ్లిన చిన్నారి కూడా అలాగే. రెండు చోట్లూ మనకి దూరం కాదు. నీళ్లు పారుతున్న వీధిలో పిల్లల్ని ఒంటరిగా పంపకండి. కరెంటు స్తంభం పట్టుకుని నిలబడొద్దు.

ఇంట్లో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలేజీ పిల్లవాడి బూటు ముందు భాగం ఒక పక్కే అరిగిపోతోందా? మోకాలి దగ్గర ప్యాంటు చిరిగిందా? అరచేతిలో గీతలున్నాయా? తిట్టకుండా అడగండి. ఎక్కడ ఎక్కుతున్నాడు, ఎంత ఆలస్యంగా లేస్తున్నాడు కనుక్కోండి. పది నిమిషాలు ముందు లేపితే ఆ పరుగు తప్పుతుంది.

నాచారం, మల్లాపూర్ కంపెనీల యజమానులకి చేతులు జోడించి అడుగుతున్నాను. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోసే పద్ధతి ఉంటే మానండి. ఆ భయమే మనిషిని కదిలే బస్సు వెంట పరుగెత్తిస్తోంది. పక్కపక్క కంపెనీలు షిఫ్టు వదిలే వేళలు పావుగంట తేడాతో పెట్టుకున్నా రద్దీ చాలా తగ్గుతుంది. ఆర్టీసీ డిపో అధికారులు బడి వేళకి, షిఫ్టు వేళకి బస్సులు పెంచాలి. డ్రైవరన్నలూ, బస్సుని రోడ్డు మధ్యలో ఆపకండి. కండక్టరమ్మలూ, చివరి మనిషి రెండో కాలు లోపల పెట్టేదాకా రైట్ చెప్పకండి.

ఎవరైనా పడిపోతే చుట్టూ చేరి వీడియోలు తీయొద్దు. చేతులు పట్టి ఈడ్చొద్దు, వెన్నెముక దెబ్బతింటుంది. 108కి ఫోన్ చేయండి, పోలీసుల కోసం 112. సాయం చేసినందుకు కేసుల్లో ఇరుక్కుంటామని భయపడొద్దు. మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ మీకు రక్షణ ఇస్తుంది, మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకి గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం అందాలి. అంబులెన్సు వాళ్లకి ‘ఉప్పల్ దగ్గర’ అని చెబితే సరిపోదు. మెట్రో దారిలో ఉంటే పక్కనున్న పిల్లరు మీది నంబరు చదివి చెప్పండి. నాచారం రోడ్డు మీదైతే ఎదురుగా ఉన్న కంపెనీ పేరు, రోడ్డుకి ఏ వైపో చెప్పండి.