చెరువుల లెక్క లేని మోడల్ ఎవరికి?

ఈమధ్య ఒక సదస్సులో ఒక నిపుణుడు, 2050 దాకా పడబోయే వానల లెక్క కంప్యూటర్ తేల్చేస్తోంది కాబట్టి వాటర్‌షెడ్ పనులు ఎక్కడ చేయాలో ఇక ఊళ్లో అడగనక్కర్లేదన్నాడు. హాలంతా చప్పట్లు. ఒళ్లు మండింది నాకు.

ఎక్కడ చూసినా ఇదే వరస. ప్రపంచ వాతావరణ మోడళ్ల ఫలితాలు తెస్తారు, ‘స్వాట్’ అనే నీటి లెక్కల మోడల్‌లో వేస్తారు, రంగుల పటం తీస్తారు. ఎర్రగా ఉన్నచోట చెక్‌డ్యాం కట్టమంటారు, పచ్చగా ఉన్నచోట అక్కర్లేదంటారు. పడ్డ వానలో ఎంత ఇంకిందో, ఎంత పారిందో ఈ లెక్కల్లో ఎక్కువగా తేల్చేది ‘కర్వ్ నంబర్’ అనే అంకె. అది 1950లలో అమెరికాలో, అక్కడి చిన్న పరీవాహకాల కొలతల మీద పుట్టిన పద్ధతి. అనంతపురం ఎర్రనేలకు దాని గొడవ పట్టదు. దుక్కి మీద రెండు గట్టి వానలు కురిస్తే పైన పెచ్చు కడుతుంది. మూడో వాన ఆ పెచ్చు మీదుగా జారి వంకలో పడుతుంది. తెల్లారి గుంటక తోలితే అదే నేల మళ్లీ నీళ్లు తాగుతుంది. ఒకే చేను, ఒకే వారం, రెండు అంకెలు కావాలి. పట్టికలోంచి ఒక్కటి తీసి జిల్లా మొత్తానికి అంటిస్తే అది శాస్త్రమెలా అవుతుంది?

అంతకన్నా మింగుడుపడనిది చెరువుల సంగతి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్లు. పైన కట్ట తెగితే కింది కట్టకూ ముప్పే. స్వాట్‌లో మాత్రం సాధారణంగా ఒక ఉపపరీవాహకానికి ఒకటే కుంట. అందులో ఎన్ని చెరువులున్నా అన్నిటినీ కలిపి ఆ ఒక్క కుంటగా చూపుతారు. ఏ తూము షట్టరు తుప్పుపట్టి బిగుసుకుపోయిందో, ఏ అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి ఎత్తు పెంచారో, ఏ వాగు కాలువను పూడ్చి ప్లాట్లు వేశారో ఆ పటంలో కనపడదు. నీళ్లు ఎటు పోతాయో నిర్ణయించేవి ఇవే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ మునిగింది. ఆ వాగు కుంచించుకుపోయిందనీ, ఆక్రమణల్లో ఉందనీ ఆ ఊళ్లో ఎవరినడిగినా చెప్పేవారు. అడిగిందెవరు? 2002లో వచ్చిన వాల్టా చట్టం చెరువులనూ భూగర్భజలాన్నీ కాపాడమంది. దాన్ని బీరువాలో పెట్టి 2050 గురించి ఉపన్యాసాలిస్తారు.

పది వాతావరణ మోడళ్లు పది మాటలు చెబితే సగటు తీస్తారు. ఒకటి వరదంటుంది, ఇంకొకటి కరువంటుంది, కలిపి భాగిస్తే మామూలు ఏడాది తేలుతుంది. అనంతపురానికి ఏటా 550 మిల్లీమీటర్ల సగటు వానొచ్చినా, వేరుశనగకు ఊడలు దిగే వేళ మూడు వారాలు చినుకు లేకపోతే రైతు మునిగినట్టే. వాటర్‌షెడ్ పనులకు మోడల్ లేనిదే నిధులు రావంటారు. ఆ షరతును ఎదిరించాల్సింది పోయి దానికి తలూపడమేమిటి?

ఊళ్లో అడగనక్కర్లేదనడం వెనకున్న, రైతులకు లెక్కలు రావనే మాట మాత్రం పచ్చి అబద్ధం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పథకం నడిచింది. ఆడా మగా వానమాపకం చదివారు. బోరులో టేపు దింపి నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలు ఊరి బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావలసినవెన్ని అని పద్దు వేశారు. ఎవరూ నిర్బంధించకుండానే చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు. వాతావరణ మార్పును తట్టుకునే యాజమాన్యం ఇది కాదా? ఇంత పనిచేసిన పద్ధతిని ప్రతి మండలానికీ ఎందుకు తీసుకెళ్లలేదు?

ప్రతి వాటర్‌షెడ్‌కూ ఒక వానమాపకం, పరిశీలన కోసం ఒక బోరు, అలుగు దగ్గర ఒక కొలబద్ద పెట్టండి. చెరువు నీళ్లు పంచే నీరటిని జీతమిచ్చి మళ్లీ నియమించండి. ఈ అంకెలు నాలుగేళ్లు పోగయ్యాక మోడల్ తెండి, వాటితో సరిచూసుకోండి. అప్పటిదాకా కట్టలకూ అలుగులకూ మరమ్మతులు, వాగు కాలువల ఆక్రమణల తొలగింపు ముందు జరగాలి. ఊరి నీటి పద్దు లేకుండా, రంగుల పటం చూపించి అడిగే ఏ కొత్త చెక్‌డ్యాంకూ రూపాయి మంజూరు చేయకూడదు.