మాయ ఒకటా, రెండా?

"కవలలంట అన్నా!" అని మా పెదనాన్న కూతురు ఫోన్ చేసిన రోజు ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాను. వాళ్ళది ఉదయగిరి దగ్గర పల్లె. మూడో నెలలో ఆత్మకూరు వచ్చి స్కానింగ్ తీయించుకుంది. రిపోర్టులో కవలలనీ, ఇద్దరి గుండే బాగా కొట్టుకుంటోందనీ రాశారు. అంతే.

ఐదో నెలలో వారం తిరక్కుండా పొట్ట ఉబ్బిపోయింది. "కవలలు కదమ్మా, అట్టనే ఉంటది" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. నెల్లూరు మీదుగా చెన్నై చేరేసరికి రెండు గుండెలూ ఆగిపోయాయి. తలరాత అన్నారు. సరిగ్గా అక్కడే నాకు ఒళ్ళు మండింది.

అసలు విషయానికొస్తే, ఒకే పోలిక కవలల్లో ఎక్కువమందికి మాయ ఒక్కటే ఉంటుంది. అలాంటి గర్భాల్లో నూటికి 10-15 చోట్ల, మాయలోని రక్తనాళాల గుండా ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకి మళ్ళిపోతుంది. ఒకరి చుట్టూ ఉమ్మనీరు ఇంకిపోతుంది, ఇంకొకరి చుట్టూ పొంగుతుంది. తల్లి పొట్టలోకి సన్నటి గొట్టం పంపి, ఆ నాళాల్ని లేజర్‌తో మాడ్చి మూసేస్తారు. చెన్నైలో, హైదరాబాదులో చేస్తున్నారు. 2004లో వచ్చిన యూరప్ అధ్యయనంలో లేజర్ చేసినవాళ్ళలో 76% మందికి కనీసం ఒక బిడ్డ దక్కింది. ఉమ్మనీరు తోడి ఊరుకున్నవాళ్ళలో 56% మందికే.

"అయితే ఉదయగిరిలో లేజర్ పెట్టమంటావా?" అని ఓ మిత్రుడి వెటకారం. వద్దు బాబూ! నేనడిగేది రిపోర్టులో ఒక్క లైను. మాయ ఒకటా, రెండా? 14 వారాల్లోపు ఆ మామూలు స్కానింగ్ మిషన్లోనే కనపడుతుంది. ఇద్దరి మధ్య పొర మాయని తాకేచోట లాంబ్డా ఆకారముంటే రెండు, టీ ఆకారముంటే ఒకటి. ఆలస్యమైతే ఆ గుర్తు మసకబారుతుంది. ఒకటే అని తేలితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తీయాలి. 2016లో మొదలైన కేంద్ర పథకం కింద ప్రతి నెలా 9న గర్భిణులకి పరీక్షలు చేస్తున్నారు. మంచిదే. కానీ వారంలో ముంచేసే జబ్బు నెలకోసారి చూస్తే దొరుకుతుందా?

సర్వర్ కాస్త నెమ్మదిస్తే అర్ధరాత్రి మన ఫోన్లు మోగేలా ఏర్పాటు చేసుకున్నాం. ఇక్కడ మాత్రం తలరాతట!

మీ ఇంట్లో ఎవరైనా కవలలని చెప్తే, స్వీట్లు పంచేముందు ఆ ప్రశ్న అడగండి. నేను అడగలేదు.