బీడును చదవడం నేర్పండి: మండలానికో పచ్చిక పోటీ పెట్టండి

2019 పశుగణనలో దేశం మొత్తం మీద 7.43 కోట్ల గొర్రెలు తేలాయి. అందులో తెలంగాణవి 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌వి 1.76 కోట్లు. దాదాపు సగం మంద తెలుగు నేల మీదే మేస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీ మీద పంచింది. ఊరి బీడు ఎన్ని మూతులకు మేత పెట్టగలదో లెక్కకట్టడం మాత్రం ఏ బడిలో నేర్పుతున్నారు?

అసలు అన్యాయం పేరులోనే ఉంది. ప్రభుత్వ కాగితాల్లో ఈ నేల ‘బంజరు’. ఉపగ్రహ చిత్రాలతో దేశమంతటికీ బంజరు నేలల పటం, వేస్ట్‌ల్యాండ్ అట్లాస్, తయారైంది హైదరాబాద్‌లోని జాతీయ సంస్థలోనే. పైనుంచి చూసే కన్నుకు తుప్పలు కనిపిస్తాయి. చెంగలి గడ్డికీ వయ్యారిభామకూ తేడా తెలియాలంటే కాలు నేల మీద పెట్టాలి.

ఒకసారి బంజరు ముద్ర పడిందా, ఆ నేల అందరిదీ అవుతుంది. మొక్కలు నాటేవారు వస్తారు, ఫ్యాక్టరీ కట్టేవారు వస్తారు, సోలార్ పలకలు పరిచేవారు వస్తారు. తాతల నాటి నుంచి మంద తోలుకొచ్చే గొల్ల ఒక్కడే పరాయివాడవుతాడు. పచ్చికను నమ్ముకున్న పిట్టదీ అదే గతి. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యమే పెట్టారు. చుట్టూ మెట్టపైర్లు తగ్గి కాలువ సాగు పెరిగింది, పిట్ట కనుమరుగైంది. చదువుకున్నవారి కళ్ల ముందే జరిగిందిది!

పచ్చికను చులకన చేసిన ఈ తప్పుకు అమెరికాలోని ఓక్లహోమా మూల్యం చెల్లించింది. గడ్డి మైదానాలను దున్నేశారు, కరువు తోడైంది, 1935 ఏప్రిల్ 14న పట్టపగలే దుమ్ము చీకటి కమ్మింది. 1952లో అక్కడే విద్యార్థులకు నేలను అంచనాకట్టే జాతీయ పోటీ మొదలైంది, తర్వాత పచ్చిక పోటీ దానికి తోడైంది. పిల్లలు బీట్లో నిలబడి మొక్కను గుర్తుపట్టాలి. అది ఏటా చచ్చి మొలిచేదా, ఏళ్లతరబడి బతికేదా? మంద ఎక్కువైతే తగ్గేదా, పెరిగేదా, కొత్తగా చొరబడేదా? పశువుకు పనికొస్తుందా, కౌజుపిట్టకు పనికొస్తుందా? అన్నీ అక్కడికక్కడే తేల్చాలి.

ఇక్కడా ప్రతి మండలంలో, గడ్డి వెన్నుతీసే కాలంలో, ఈ పోటీ జరగాలి. మీటరు చట్రం, కొడవలి, తక్కెడ చాలు. గడ్డి కోసి, తూచి, ఎన్ని గొర్రెలకు ఎన్ని రోజుల మేతో పిల్లలే లెక్కకట్టాలి. న్యాయనిర్ణేతల్లో సగం మంది కాపరులే ఉండాలి. ఫలితం పంచాయతీ రికార్డుకెక్కాలి. పరీక్షలు దెబ్బతింటాయనేవారు ఏడాదికి ఒక్క శనివారం ఇవ్వలేరా?

2026ను ఐక్యరాజ్యసమితి పచ్చిక బయళ్లు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. సభలూ బ్యానర్లూ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల పశువైద్య విశ్వవిద్యాలయాలు పోటీ పత్రం తయారుచేయాలి, విద్యాశాఖలు తేదీ ప్రకటించాలి, మొదటి పోటీ రోళ్లపాడు చుట్టుపక్కల బడుల పిల్లలతోనే మొదలవ్వాలి.