ఎవరి దత్తత?

2015 జనవరిలో హైదరాబాద్‌ పాతబస్తీలోని భవానీనగర్‌ ప్రాంతంలో పోలీసులు సోదాలు జరిపి, గాజుల తయారీలో మగ్గుతున్న 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. వారిలో ఎక్కువమంది బీహార్‌ బిడ్డలు. ఊరుగాని ఊళ్లో, భాష రాని చోట అన్నం పెట్టినవాడే పసివాడికి తండ్రిలా కనిపిస్తాడు. కొట్టినా అతని పంచకే చేరతాడు. చీకటి వ్యాపారాలు పిల్లల్ని చేరదీసేది ఇలాగే. అయితే పెట్టిన ప్రతి ముద్దకూ అక్కడ లెక్క ఉంటుంది.

దేవుడు కూడా మనల్ని దత్తత తీసుకున్నాడు. రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు దాస్యపు ఆత్మ వేరు, దత్తపుత్రాత్మ వేరని తేల్చి చెప్పాడు. లోకపు యజమాని దత్తతలో వెల చెల్లించేది పిల్లవాడు. పరలోకపు తండ్రి దత్తతలో వెల చెల్లించింది తండ్రే, అదీ తన సొంత కుమారుణ్ణి ఇచ్చి!

మరి మన ఇళ్ల మాటేమిటి? పనికి పెట్టుకున్న పేదపిల్లను చూపించి 'మా బిడ్డలాగే చూసుకుంటున్నాం' అనే విశ్వాసులు మనలో లేరా? ఆదివారం ఆరాధనలో ఆ పిల్లకు మన పక్కన చోటుందా? సోమవారం బడికి వెళ్తోందా? లేకపోతే మనం చేసింది దత్తత కాదు, బేరం. ఆ బిడ్డను ఈ వారమే బడికి పంపుదాం. దేవుడు మనల్ని పిల్లలుగా చేర్చుకున్నది పనికోసం కాదు, ప్రేమతో!